పదిహేడో ఫొటో

కోరుట్లలో జిరాక్స్ షాపు నడిపే సుజాతకు వెబ్‌సైట్ల పని పెళ్లికి ముందే వచ్చు. జగిత్యాలలో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో రెండేళ్లు అదే ఉద్యోగం చేసింది. భర్త జైపాల్ గల్ఫ్‌కు పోయాక అత్త రాజక్కకు తోడుగా ఇక్కడే ఉండిపోయింది.

జైపాల్ పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టులు యజమాని చేతిలో ఉండిపోయి, నలభై ఒక్కమంది క్యాంపులో చిక్కుకున్నారు. ఎవరో దయతలచి పెడితేనే తిండి. వాళ్ల గోడు నలుగురికీ కనబడాలని సుజాత ఒక వెబ్‌సైటు మొదలుపెట్టింది. క్యాంపులో ఉన్న ముస్తాబాద్ కుమార్ పేర్లు, ఒక్కొక్కరి పరిస్థితి ఒక ఫైలుగా, ఫొటోలు విడిగా పంపాడు. రెంటినీ జతచేసి పేజీలు తయారుచేసే పని ప్రోగ్రామ్‌కు అప్పగించింది.

మధ్యాహ్నం మూడింటికి జగిత్యాలలో అధికారులు ఆ పేజీ చూస్తామన్నారు. నెట్‌లోకి ఎక్కించేముందు ఎట్లా వచ్చిందో చూద్దామని, ఒంటిగంటకు తన ల్యాప్‌టాప్‌లోనే లోకల్ సర్వర్ నడిపి బ్రౌజర్ తెరిచింది.

"గిది ఇప్పుడు లోకమంత చూస్తదా?" పక్కన కూర్చున్న రాజక్క అడిగింది.

"లేదత్తమ్మా. ఇంక మన డబ్బలనే ఉంది. మనకే కనవడ్తది."

ముఖాలు ఒక్కొక్కటే జరుగుతున్నాయి. పదిహేడో ఫొటో రాగానే రాజక్క కోడలి మణికట్టు పట్టుకుంది.

"నా కొడుకు! గా ఎర్ర గీత ఏంది బిడ్డా?"

ఆసుపత్రిలో ఉన్నవాడికి ఎర్ర గీత. ఆ గుర్తు పెట్టింది సుజాతే. కానీ జైపాల్ ముఖం కింద రాయికల్ సాయన్న పేరుంది. 'స్పృహ లేదు' అని ఉంది. తప్పు ఫొటోలోనా, పేరులోనా? జైపాల్ ఫోన్ చేసి నాలుగు రోజులైంది.

సుజాత వెంటనే కుమార్‌కు ఫోన్ కొట్టింది. కలవలేదు. మళ్లీ కొట్టింది. ఆరోసారికి ఎత్తాడు.

"కుమార్, నిజం చెప్పు. దవాఖానల ఉన్నదెవలు?"

"సాయన్న, వదినె. జైపాలన్న మంచిగనే ఉన్నడు. ఫోన్ల బ్యాలెన్స్ లేదంతే. గీన్నే ఉన్నడు, ఇస్తున్న."

కొడుకు గొంతు వినగానే రాజక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సుజాత ఫైళ్లు వెతికింది. పదహారో మనిషి ఫొటో రానేలేదు. అందుకే తర్వాతి ఫొటోలన్నీ ఒక్కో స్థానం ముందుకు జరిగాయి. ఆ చోటు ఖాళీగా ఉంచి పేజీలు మళ్లీ తయారుచేసింది. ఈసారి ఎర్ర గీత సాయన్న పక్కన నిలిచింది.

రాజక్క కళ్లు తుడుచుకుని ఆ ముఖాన్నే చూసింది. "గీ పిలగాని అవ్వకు ఎరుకేనా?"

ఎరుక లేదు. చెప్పే ధైర్యం కుమార్‌కు చాల్లేదట. అప్పటికి రెండున్నర.

"గిండ్ల చూసి ఆమెకు తెలుసుడు వద్దు. ముందుగాల మనమే చెప్పాలె. నాకియ్యి ఫోను."

రాయికల్‌లో బీడీలు చుట్టే సాయన్న తల్లి వెంకటవ్వతో రాజక్కే మాట్లాడింది. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"బతికున్నడు గదా అక్కా?"

"ఉన్నడు. తోలుకస్తరు."

"అయితే పెట్టుండ్రి. నా కొడుకును అందరు చూడనీ."

మూడింటికి అయిదు నిమిషాలుండగా సుజాత పేజీలను నెట్‌లోకి ఎక్కించింది.

ఆ పేజీ చూశాక అధికారులు కదిలారు; రెండు నెలల్లో అందరూ జట్లు జట్లుగా తిరిగొచ్చారు. సాయన్న చివరి జట్టులో, చక్రాల కుర్చీలో దిగాడు. కుడిచేయి ఇంకా లేవదు. జైపాల్ ఇప్పుడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. రాజక్క మాత్రం నెలకోసారి రాయికల్ బస్సెక్కి, సాయంత్రం దాకా వెంకటవ్వ దగ్గర కూర్చుని వస్తుంది.