రాని ఊరికి వేసిన విస్తరి

మొన్న ఫోనులో మామిడి ధరలు చూస్తుంటే బద్వేలు, బనగానపల్లె ధరలు వరుసగా వచ్చి, రాయచోటి దగ్గర మాత్రం ‘వివరం అందలేదు’ అని కనిపించింది. ఆ రెండు మాటల దగ్గర ఎవరూ ఆగరు గాని, నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా కడుపు మండింది, ఎందుకంటే ఆ పద్ధతి మా ఆఫీసులో పెట్టినవాడు మా మేనత్త కొడుకు, నాకు బావ.

అప్పట్లో మేమిద్దరం కర్నూలులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాళ్ళం. ఒక్కో ఊరి మార్కెట్ నుంచి సాయంత్రానికల్లా ఆనాటి ధరలు నింపిన ఒక్కో ఎక్స్‌ఎంఎల్ ఫైలు వచ్చేది, నేను రాసిన ప్రోగ్రాము వాటన్నిటినీ చదివి ఒకే ధరల పట్టికగా కూర్చేది. అది బాగా నడిస్తే కొత్తగా తెరవబోయే కడప ఆఫీసు నా చేతికే ఇస్తామన్నారు, నేనూ అప్పుడే ఆ కుర్చీలో కూర్చున్నట్టు మురిసిపోతున్నాను.

సరిగ్గా కాయలు దిగే రోజుల్లో రాయచోటిలో లైను పోయి ఆ ఊరి ఫైలు రాలేదు. అది దొరక్క నా ప్రోగ్రాము మొత్తానికే ఆగిపోయింది; తక్కిన ఊళ్ళ ధరలన్నీ చేతిలో ఉండి కూడా పట్టిక బయటికి పోలేదు, కాయ కోయాలో వద్దో తెలియక రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. సగం పట్టిక ఇవ్వడం తప్పని నేను వాదిస్తుండగానే బావ నా పక్కన కూర్చుని, ఫైలు దొరకకపోతే దాని చోటు ఖాళీగా ఉంచి, అందలేదని రాసి ముందుకు పొమ్మని నాలుగు వరుసలు చేర్చాడు. ఎట్లా తోచిందని పెద్దసారు అడిగితే, “మా అవ్వ బంతి పెట్టేటప్పుడు రానోళ్ళకు ఒక విస్తరి ఏసిపెట్టి, వచ్చినోళ్ళకు వడ్డిస్తాండె సార్” అన్నాడు. కడప ఆఫీసు బావకే ఇచ్చారు.

నేను ఎక్కువ కుళ్ళుకున్నది ఆఫీసు కోసం కాదు. ఆ అవ్వ నాకూ అవ్వే, మా నాన్న తల్లి; ఆ ఖాళీ విస్తరి నాదే. చిన్నప్పుడు ఎండలో గోలీలాడి భోజనానికి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది నేనే. నేను లేనప్పుడు అవ్వ ఏం చేసేదో వేళకు వచ్చి కూర్చునే బావకు తెలుస్తుంది గాని నాకెలా తెలుస్తుంది?

ఇప్పుడు పెళ్ళిళ్ళలో బంతులు పోయాయి, ఎవరి ప్లేటు వాళ్ళు పట్టుకుని తినడమే, ఎవరు రాలేదో చూసేవాళ్ళు లేరు. పోయిన నెల బావ కూతురి పెళ్ళికి అలవాటు కొద్దీ ఆలస్యంగానే వెళ్ళాను. అంత హడావిడిలోనూ బావ ఒక కుర్చీ మీద తన తువ్వాలు వేసి ఉంచాడు. “ఏమప్పా, ఇంతసేపా? కూచో, నీ చోటు ఈడనే ఉండాది” అన్నాడు.

అవ్వ పోయింది, విస్తళ్ళు పోయాయి, నా కోసం చోటు ఉంచే మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడి మీదే నాకు ఇంకా అసూయ.