పదకొండు నిమిషాల ముందు మోగిన గట్టిమేళం

పదకొండు నిమిషాలు ముందుగా ఒక పెళ్లి చేసేశాను నేను. పురోహితుడు కాదు, పెళ్లికొడుకూ కాదు, నేనే, నా ఎడం చేత్తో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. సిగ్గు లేదని అనను. కానీ సిగ్గు కంటే సంబరం ఎక్కువ. ఆ పదకొండు నిమిషాలే జరగకపోతే ఈపాటికి నా డోలు అటక మీద దుమ్ము కొట్టుకుంటూ ఉండేది.

నేను డోలు వాయిస్తాను. మా ఆవిడ అన్నగారు, అంటే మా బావ, సన్నాయి ఊదుతాడు. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున మా ఊరు. తాతల నాటి నుంచి గుడి సేవా, పెళ్లిమేళమూ తప్ప మా ఇళ్లలో వేరే పని తెలీదు. ఇరవై రెండేళ్లుగా మా ఇద్దరిదే జోడీ. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో నాకు తెలుసు, నా దెబ్బ ఎక్కడ పడుతుందో ఆయనకి తెలుసు. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం తక్కువే.

డోలు వాయించడం చూసేవాళ్లకి భలే సరదాగా ఉంటుంది. పట్టా భుజానికి తగిలించుకుని, అంత బరువూ మోస్తూ, కుడి చేతి వేళ్లకి రాయిలాంటి తొడుగులు పెట్టుకుని ఒక పక్కా, ఎడం చేత్తో పుల్ల పట్టుకుని ఇంకో పక్కా కొడుతూ, పెళ్లికొడుకు కారు ముందు రెండు గంటలు నడిస్తే ఆ సరదా ఏపాటిదో తెలుస్తుంది. నాకు మొదట కుడి భుజం పట్టింది. తర్వాత మెడకి పాకింది. ఆ తర్వాత మోచెయ్యి. ఆఖరికి అన్నం కలుపుకుంటుంటే వేళ్లు సూదులతో పొడిచినట్టయ్యేవి. ఇదంతా ఆరేళ్ల కథ.

నేను పూసుకోని మందు లేదు. గంధం రాసుకుని, పట్టుపంచె కట్టుకుని బయల్దేరితే గంధం వాసన ఒక్కటీ రాదు, మిగతావన్నీ వస్తాయి. మా ఆవిడ ముక్కు మూసుకుని, "పెళ్లికెల్తన్నావా, ఆస్పత్రి నుంచి వస్తన్నావా? ఏటా కంపు!" అనేది. ఊళ్లో డాక్టరు గారు సూది వేస్తే మూడు రోజులు బాగుండేది. నాలుగో రోజు మళ్లీ మొదలు.

నొప్పి ఒక ఎత్తు. విసుగు ఇంకో ఎత్తు. మాఘమాసం వచ్చిందంటే ఫోను ఆగదు. ముహూర్తాలు, రిసెప్షన్లు, ఊరేగింపులు. ఒకప్పుడు ఫోను మోగితే ఎగిరి గంతేసేవాణ్ణి. తర్వాత తర్వాత అది మోగితే మా ఆవిణ్ణి ఎత్తమనేవాణ్ణి. మూఢం ఎప్పుడొస్తుందా అని క్యాలెండరు చూసుకునే మేళగాణ్ణి మీరెక్కడైనా చూశారా? పెళ్లిళ్లు ఆగిపోవాలని దేవుడికి దండం పెట్టుకున్న డోలువాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంట్లో డోలు కనపడకుండా పాత పంచె కప్పేవాణ్ణి. వాయించడమంటే ప్రాణం అయినవాడికి డోలు మొహం చూడబుద్ధి కాకపోవడం ఎంత కష్టమో నేను చెప్పలేను. ఏడుపొచ్చేది, అంతే.

ఇంత జరుగుతున్నా బావకి చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? ఆయన ఇంకో డోలువాణ్ణి చూసుకుంటాడు. చూసుకోవాలి కూడా, ముహూర్తాలు నా భుజం కోసం ఆగవు కదా. ఆయన పక్కన ఇంకొకడు కూర్చుని వాయిస్తుంటే నేను గుమ్మంలో కూర్చుని వినాలి. అది తలుచుకుంటే ప్రాణం పోయినట్టుండేది. అందుకని పళ్లు బిగబట్టి వాయించాను. పైగా ఆయన మీదే కోపం పెంచుకున్నాను. కొన్నేళ్ల కిందట ఆయనకి ఆలాపన పిచ్చి పట్టింది. ఆలాపన చేస్తున్నంత సేపూ డోలు ఊరుకోవాలి. రెండు నిమిషాల్లో ముగించాల్సింది పది నిమిషాలు లాగుతున్నాడు. జనం చప్పట్లన్నీ తనకే కావాలి కాబోలు అని లోపల లోపల ఉడికిపోయేవాణ్ణి.

ఇక గజపతినగరం పెళ్లికి వస్తాను. బట్టల వ్యాపారం చేసే కుటుంబం, పెద్ద కల్యాణమండపం, జనం కిటకిట. జీలకర్ర బెల్లం పెట్టే సుముహూర్తం ఉదయం పది నలభై రెండుకి. ఆ క్షణానికి పురోహితుడు చెయ్యెత్తుతాడు, మేం గట్టిమేళం వాయిస్తాం. గట్టిమేళం అంటే మామూలు వాయింపు కాదు. ఎవరైనా తుమ్మినా, ఎవరి నోటైనా అపశకునం మాట వచ్చినా వధూవరుల చెవిన పడకూడదని ఉన్న బలమంతా పెట్టి మోగించడం. ఇంకే శబ్దమూ వినపడకూడదు. అదే దాని పని.

ఈ రోజుల్లో చిక్కేమిటంటే పురోహితుడు మాకు కనపడడు. ఫొటోల వాళ్లు, వీడియోల వాళ్లు మండపం చుట్టూ గోడ కట్టేస్తారు. అందుకని బావా నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను అంచున, సందు దొరికిన చోట కూర్చుని పురోహితుణ్ణి చూస్తాను. ఆయన చెయ్యెత్తగానే నేను ఎడం చెయ్యి ఎత్తుతాను. బావ నా చెయ్యి చూసి అందుకుంటాడు. ఎన్ని పెళ్లిళ్లు చేశామో ఇలాగ! ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు పది ముప్ఫై ఒకటికి నా భుజంలో మెరుపు మెరిసింది. నిజంగా అంతే. మెడ నుంచి వేలి చివరిదాకా ఒక్క పోటు. నొప్పికి తట్టుకోలేక కుడి భుజం పట్టుకుందామని నా ఎడం చెయ్యి, పుల్లతో సహా, గాల్లోకి లేచిపోయింది.

బావ చూశాడు. అందుకున్నాడు!

ఆగమని చెప్పాలి కదా నేను? చెప్పలేదు. ఇక్కడే నా బుద్ధి తక్కువతనం ఉంది. సన్నాయి గట్టిమేళం ఎత్తుకున్నాక డోలు చేతులు ఊరుకోవు. ముహూర్తం కాలేదని నాకు తెలుసు. నొప్పితో కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అయినా నా రెండు చేతులూ దబదబా పడిపోతున్నాయి! అటు పెళ్లికూతురి అన్న తెర లాగేశాడు. తమలపాకుల మీద జీలకర్రా బెల్లం రెడీగా ఉన్నాయి కదా, పెళ్లికొడుకు ఆమె నెత్తిన పెట్టేశాడు, ఆమె ఇతని నెత్తిన పెట్టేసింది. అక్షింతలు వానలా పడ్డాయి. పురోహితుడు రెండు చేతులూ ఊపుతూ నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఆయన చెయ్యి ఊపిన కొద్దీ మేం ఇంకా గట్టిగా వాయించాం. ఒక్క అక్షరం వినపడితే ఒట్టు.

మేళం ఆగాక వినపడింది. "ఆపండయ్యా బాబూ! ఇంకా పదకొండు నిమిషాలుంది!"

మండపం మండపమంతా మా వైపు తిరిగింది. పెళ్లికూతురి నాయనమ్మ లేచి వచ్చేసింది. చిన్న మనిషే, గొంతు మాత్రం మా సన్నాయికి జవాబు చెప్పేలా ఉంది. "ఎవుడ్రా మేళపోడు? కళ్లు కనపడవేటి మీకు? నా మనవరాలి ముహూర్తం తగలెట్టీసినారు కదరా!" నేను నోరు తెరిచేలోపు బావ లేచి చేతులు కట్టుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. నేనే తొందరపడిపోనాను. ఇతనికేటీ తెలీదు," అన్నాడు. ఆవిడ ఆయన్ని కడిగి ఆరేసింది. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఆ క్షణం నా మీద నాకే అసహ్యం వేసింది.

పురోహితుడు మాత్రం దొడ్డమనిషి. లగ్నం ఇంకా నడుస్తూనే ఉందనీ, సరిగ్గా పది నలభై రెండుకి మళ్లీ పెడితే ఏ దోషమూ లేదనీ, ముందుది రిహార్సల్ అనుకోమనీ అన్నాడు. పెళ్లికూతురు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో జనమంతా నవ్వేశారు. అప్పటికే నెత్తిన అంటుకున్న బెల్లం మీద మళ్లీ బెల్లం పెట్టుకున్నారు పాపం ఇద్దరూ. రెండోసారి నా కుడి చెయ్యి లేవనే లేదు. ఉత్త పుల్లతో వాయించాను. ఆ లోటు ఎవరికీ తెలీకుండా బావ ఇద్దరి బలం పెట్టి ఊదాడు.

భోజనాల వేళ మండపం వెనక, నీళ్ల డ్రమ్ముల దగ్గర ఆయన నన్ను పట్టుకున్నాడు.

"ఎన్నాళ్లనించి బావా?"

"ఓ నెలయ్యుంటాది," అన్నాను.

"మూడేళ్లు. మూడేళ్లనించి నేను సూస్తన్నాను నీ సెయ్యి. అంతకుముందు ఎన్నాళ్లో నాకు తెల్దు," అన్నాడు. "లేకపోతే ఆలాపన ఎందుకు సాగదీస్తన్నాననుకున్నావు? ఆ పది నిముసాలన్నా నీ సెయ్యి ఒళ్లో ఎట్టుకుంటావని."

వెంటనే కోపమొచ్చింది. నాకు ఏడుపు వచ్చే ముందు కోపం వస్తుంది. "మరి అడగవేటి?" అని మీద పడ్డాను.

"ఏటని అడగాల? అడిగితే నువ్వు డోలు దించీసి ఇంటికెల్లిపోతావు. నీ సంగతి నాకు తెల్దేటి? నువ్వు ఎల్లిపోతే నేనెవుడితో వాయిస్తాను?"

ఆ నీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఏడుస్తుంటే ఎంత హాయిగా ఉందో! నన్ను మానిపిస్తాడని నేను భయపడ్డాను. నేను మానేస్తానని ఆయన భయపడ్డాడు. ఇద్దరు మూర్ఖులం.

మర్నాడే శ్రీకాకుళం లాక్కుపోయాడు. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, మా పెద్దమ్మాయి వయసుంటుంది, భుజం అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు డోలు తెచ్చి నా ముందు వాయించండి," అంది. ఆరేళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు! తీసుకెళ్లి వాయించాను. బయట బెంచీల మీద నడుములు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా గుమ్మంలోకి వచ్చేశారు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. దెబ్బ దెబ్బకీ నా భుజం చెవిదాకా లేస్తోందనీ, పెద్ద వాయింపు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబడుతున్నాననీ చెప్పింది. సన్నాయి వాడికే ఊపిరి కావాలనుకున్నాను నేను ఇన్నాళ్లూ!

రెండు నెలలు డోలు ముట్టుకోవద్దంది. తువ్వాలు పట్టుకుని చేసే కసరత్తులు నేర్పింది. బరువు భుజానికి వెయ్యకుండా స్టాండు మీద పెట్టి వాయించమంది. నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేదు. "పోటు వచ్చాక కాదండీ, వస్తోందనిపించినప్పుడే ఆపాలి. ఆపుతున్నానని పక్కాయనకి పైకి చెప్పాలి," అంది. మిగతావన్నీ ఒప్పుకున్నాను. ఆ చివరిది మాత్రం మింగుడు పడలేదు. మేళం మధ్యలో నోరు తెరిచి నొప్పి అనడమా!

ఆమదాలవలసలో వెల్డింగు షాపువాడు ఇనప స్టాండు చేసిచ్చాడు. చూస్తే గ్యాసు పొయ్యి బల్లలా ఉంది. మొదటిసారి దాని మీద డోలు పెట్టి కొట్టినప్పుడు, నా ఒంటికి ఆనకుండా అది ఎంత స్వేచ్ఛగా మోగిందో! "ఒసే, విన్నావా!" అని మా ఆవిణ్ణి కేకేశాను. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఊరంతా విన్నాది," అంది. ఆ రోజు ఫోను మోగితే నేనే పరిగెత్తి ఎత్తాను.

తిరిగి మొదలుపెట్టింది కళింగపట్నంలో, ఒక బోటు యజమాని ఇంటి పెళ్లికి. సముద్రం గాలికి పందిరి ఎగిరిపోతోంది. మూడు ముళ్లూ పడ్డాక చుట్టాలు చుట్టూ చేరి ఒకదాని మీద ఒకటి పాటలు అడగడం మొదలెట్టారు. ఏం ఊపు వచ్చిందో! ఎంతో కాలానికి చేతులు నా మాట వింటున్నాయి. అరగంట దాటింది. అప్పుడు భుజంలో సన్నగా, దూరంగా, మొదలైంది. అందరూ ఊగిపోతున్నారు. ఈ ఒక్క పాటా అయిపోనీ అనుకున్నాను. ఆరేళ్లుగా ప్రతిసారీ అనుకున్నది అదే.

పుల్ల కింద పెట్టేశాను. "బావా, ఆపు. నొప్పి వస్తన్నాది," అన్నాను. అనేశాను! పైకి!

బావ టక్కున సన్నాయి దించాడు. "అమ్మయ్య," అన్నాడు.

"అమ్మయ్య ఏటి?"

"నా మూతి తిమ్మిరెక్కీసినాది బావా. ఏడాది అవుతన్నాది. ఓ పది నిముసాలు ఊదితే కింద పెదివి ఉన్నాదో లేదో తెలీదు. నువ్వెప్పుడు ఆపుతావా అని సూస్తన్నాను."

ఆయన పెదవి మూల చిన్నగా అదురుతోంది. ఇరవై రెండేళ్లుగా ఆ మొహం పక్కనే కూర్చున్నాను. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు నేను.

పాట ఆగేసరికి పెళ్లికూతురి తండ్రి పరిగెత్తుకొచ్చాడు. "ఏటయ్యా, మజ్జిలో ఆపీసినారు?"

బావ మొహమాటంగా మళ్లీ సన్నాయి ఎత్తబోయాడు. నేను దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. పందిరి చివర కూర్చున్నవాళ్లకి కూడా వినపడేలా, "మా బావకి మూతి నొప్పి! అరగంట మేళం లేదు!" అని అరిచాను.