మంచె మీద పరీక్ష, ఫోన్ల సారు

ఆ దినాలు యాదికొస్తే అందరికీ మూతికి కట్టుకున్న గుడ్డలు, బందైన బస్సులు గుర్తుకొస్తయి గని, నాకైతే చిలుకలు గుర్తుకొస్తయి. నవ్వకుండ్రి. డిగ్రీ ఆఖరి సాలు పరీక్ష నేను రాసింది కాలేజీల కాదు, వరిచేన్ల మంచె మీద. గింజ పాలు పోసుకునే యాళ్లకు పిట్టల్ని కొట్టేటందుకు మా బాపు నాలుగు గుంజలు పాతి, మీద తడక పరిచి కట్టిన మంచె అది. మహారాష్ట్రల సిరొంచ దాటి ప్రాణహిత ఒడ్డు పట్టుకొని పోతే మా ఊరొస్తది. సర్కారు కాయితం మాకు మరాఠీల వస్తది, బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, ఇగ ఫోన్ల సిగ్నల్ మాత్రం నది అవుతలి తెలంగాణ టవర్ నుంచి వస్తది. అది సుత ఇంట్లకు రానంటది. పొయ్యి కాడ ఏం లేదు, గడప కాడ ఒక గీత, మంచె ఎక్కితే నిండుగ. (ఆ టవర్ ఏ ఊర్ల ఉన్నదో ఇప్పటికీ నాకు తెల్వదు. తెలిస్తే పోయి ఒక కొబ్బరికాయ కొట్టి వచ్చేదాన్ని.)

పరీక్ష ఇంటి నుంచే రాయాలె, దానికి ఫోన్ల ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలె అని కాలేజీ వాళ్లు చెప్పిన్రు. లాక్‌డౌన్ బ్రౌజర్ అంట దాని పేరు. దాన్ని తెరిచినమంటే ఫోన్ల మిగతా దుకాణమంత బంద్. వేరే ఏదీ తెరువనియ్యది, ఎవ్వల ఫోనూ రానియ్యది, పరీక్ష అయ్యేదాక మనల్ని అందులనే పెట్టి గొళ్లెం పెడ్తది. కెమెరా మన మొఖం దిక్కే చూస్తుంటది. మొఖం పక్కకు తిప్పితే తప్పు, నోరు తెరిస్తే తప్పు, ఇంకో మొఖం కనవడితే పెద్ద తప్పు. మూడు తప్పులైతే పరీక్ష మూసుకుంటది. బాపుకు గిదంత చెప్తే నెత్తి గోక్కున్నడు. "ఊరికి లాక్‌డౌన్ సాలదని ఇగ నీ పరీక్షకు సుత పెట్టిన్రా?" అన్నడు. మా నాయినమ్మ అయితే దానికి 'తాళంపెట్టె' అని పేరు పెట్టేసింది. ఆ పేరే ఊర్ల అందరి నోట్ల నానింది.

నా భయం వేరే. అంతకు ముందే ఒకసారి ఇంట్ల కూసొని ఈ పరీక్ష రాయబోయిన. సగంల సిగ్నల్ పోయింది, పరీక్షా పోయింది. కాలేజీ వాళ్లను బతిమాలితే, "ఇంకొక్కసారి ఇస్తం, దీని తర్వాత ఇగ లేదు" అన్నరు. బాపు కోపానికి రాలే గని, "ఈసారి సుత కాకపోతే చదువు ఇక్కడికి ఆపుదాం బిడ్డా, నేనొక్కణ్ని చేను చూసుకోలేకపోతున్న" అన్నడు. తిట్టినా బాగుండు. అంత మెత్తగ చెప్పేసరికి నాకు రాత్రి బువ్వ దిగలే. మా ఇంట్ల డిగ్రీ దాక వచ్చింది నేనే. నేను ఆగితే నా ఎనుక చెల్లెలు సుత ఆగుతది, అది నాకు తెలుసు.

అందుకే ఈసారి మంచె మీద రాస్తనని తేల్చి చెప్పిన. ఇంట్ల వాళ్లు మంచె ఎక్కొద్దని నేనే జర ఎక్కువ భయపెట్టిన. "ఫోన్ల నుంచి సారు చూస్తనే ఉంటడు. మీరెవ్వలు మాట్లాడినా నా పరీక్ష పోతది" అన్న. నాయినమ్మ తమలపాకు నమిలేది ఆపి, "పరీక్ష అయ్యేదాక చూస్తడా?" అని అడిగింది.

"అయ్యేదాక."

"లేవడా?"

"లేవడు."

"మరి బువ్వ?"

"అవన్నీ నీకెందుకే నాయినమ్మ, నువ్వు కిందనే కూసో, సప్పుడు చెయ్యకు" అని కసురుకున్న. ఇగ ఊకున్నది. ఊకున్నదంటే ఒప్పుకున్నదనుకున్న నేను. (మా నాయినమ్మ ఊకుంటే లోపల ఏదో ఉడుకుతున్నదని అర్థం. ఇన్నేండ్లు దాని పక్కల పండుకొని సుత నాకు గది తెల్వకపాయె.)

పరీక్ష నాడు పొద్దుగాల తలకు నూనె పెట్టుకొని, దేవునికి మొక్కి, ఫోన్‌ను మంచె గుంజకు సుతిలితోటి కట్టి కూసున్న. కింద నాయినమ్మ కాపలా. బాపు అవుతలి గట్టు మీద, ఎవ్వలన్న వస్తే మళ్లించేటందుకు. సాఫ్ట్‌వేర్ నా మొఖం చూసి ఒప్పుకున్నది, నా చుట్టూత చూపియ్యమన్నది, చూపిచ్చిన. అటు వరి, ఇటు వరి, నడుమ నేను. పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్నలు మస్తు సులువు. ఇగ నన్ను ఆపేటోడు లేడనుకున్న.

గప్పుడు వచ్చినయి చిలుకలు. గుంపు గుంపే వచ్చి, సరిగ్గ నా కళ్ల ముందటి మడిల దిగినయి. మీకు తెలుసు గదా, మంచె అనేది కూత పెట్టేటందుకే కట్టేది. చిన్నప్పటి నుంచి ఆ తడక మీద కూసొని డబ్బా కొట్టి, గొంతు పోయేదాక అరిచినదాన్ని నేను. బుర్ర పరీక్షల ఉన్నది గని గొంతు మాత్రం చేన్ల ఉన్నది. చిలుక కనవడంగనే నా నోరు నన్ను అడగకనే తెరుచుకున్నది. "హా... హో... హోయ్!" అని ఎంత గట్టిగ అరిచిన్నో, నది అవుతలికి సుత ఇనవడి ఉంటది. చిలుకలు లేచిపోయినయి. ఫోన్ల ఎర్రగ అక్షరాలు లేచినయి. మాట సప్పుడు వచ్చింది, మొదటి హెచ్చరిక అని. చదువుకున్నదాన్ని, నాకే గట్ల అయితే ఇగ వేరేవాళ్లను ఏమనాలె?

అప్పటి నుంచి పళ్ల నడుమ కొంగు పెట్టుకొని కూసున్న. చిలుకలు మళ్ల వచ్చినయి. నేను కదలకపోయేసరికి ఇంకిన్ని సుట్టాలను పిలుచుకొచ్చినయి. పక్క చేను మామ ఉన్నడు, లొల్లి మామ అంటరు అందరు. (ఆయన మెల్లగ మాట్లాడితే ఒంట్ల బాగలేదని ఇంటోళ్లు డాక్టర్ కాడికి తోల్కపోతరు.) ఆయన బాపు ఉన్న గట్టు మీదికెల్లి రాలే, కాలువ దిక్కు నుంచి వచ్చిండు. మా చేను మీద పిట్టలు పండుగ చేసుకుంటున్నయి, మంచె మీద పోరి బొమ్మ తీరు కూసున్నది. ఆయనకు కడుపు మండదా? "ఏమే పోరీ, పిట్టలు గింజ మిగుల్చుతలేవు, నీకు కండ్లు కనవడుతలేవా?" అన్నడు. నేను పలుకలే. "ఏమే, నిన్నే!" పలుకలే. మా దిక్కు మనిషి పలకరిస్తే పలుకకపోవుడు అంటే కొట్టినదానికన్న ఎక్కువ. అయినా ఆయనకు కోపం రాలే, భయమైంది. ఎండకు ఏమన్న అయిందేమో అని గబగబ నిచ్చెన ఎక్కి, నా భుజం మీదికెల్లి తల పెట్టి నా కండ్లల్లకు చూసిండు. రెండో మొఖం, రెండో హెచ్చరిక. నాయినమ్మ కింద నుంచి ఆయన ధోతి పట్టి గుంజుకపోయింది. "తాళంపెట్టెల సారున్నడు, దిగుర!" అని సైగ చేసుడు నా కంటి కొసకు కనవడ్డది. సారున్నడనంగనే ఆయన నెత్తి మీది రుమాలు తీసి, ఫోన్‌కు దండం పెట్టి మరీ దిగిండు.

ఇగ ఒక్క తప్పు మిగిలింది. నా గుండె కొట్టుకునుడు సుత తాళంపెట్టెకు ఇనవడుతదేమో అని భయం. అయినా రాస్తున్న. సగం దాటింది, ఇంక కొంచెం ఉన్నది. కింద నాయినమ్మ పడుతున్న పరేషాన్ నాకు తెల్వదు. దాని లెక్క వేరే. పొద్దుగాల నుంచి ఒక సారు మన చేన్ల ఉన్నడు. మన పిల్లకే పరీక్ష పెడుతున్నడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. గిన్ని మంచినీళ్లు ఇచ్చినోళ్లు లేరు, తిన్నవా అని అడిగినోళ్లు లేరు. రేపు సారు పోయి, వాళ్ల ఊర్ల మన ఊరి గురించి ఏమని చెప్తడు?

నిచ్చెన కిర్రుమన్నది. తల తిప్పితే తప్పని నేను తిప్పలే. నా పక్కకెల్లి మొదలు కొంగు కప్పుకున్న నెత్తి వచ్చింది, తర్వాత సల్ల చెంబు, తర్వాత కాల్చిన మక్క కంకులు పెట్టిన ఆకు. నాయినమ్మ ఫోన్‌కు ఎదురుంగ మంచిగ కూసొని, ఆకు కెమెరాకు చూపిచ్చి, అంగట్ల నేర్చిన మరాఠీ అంత కూడేసుకొని, నవ్వుకుంట అడిగింది. "సాహెబ్, జేవ్లా కా?" బువ్వ తిన్నరా సారూ అని.

ఫోన్ నల్లగైంది. పరీక్ష ఆపినం, పై వాళ్లు చూసి చెప్పేదాక ఆగు అని ఒక ముక్క, కెమెరా పక్కన ఎర్ర చుక్క మాత్రం మిగిలినయి.

నాయినమ్మ ఒక్క గడియ ఆ నల్లటి అద్దం దిక్కు చూసింది. "తిన్నవా అంటే మొఖం మీద తలుపేసుకున్నడేందే? ఏం పెంపకమే ఇది?" అన్నది. నేను ఇగ ఆగలే. "నా చదువు పోయింది నాయినమ్మా" అని తడక మీద పడి ఏడ్చిన. కాలేజీ వాళ్ల మాట, బాపు మాట, చెల్లె మొఖం, అన్నీ ఒక్కపారి మీద పడ్డయి. అట్ల ఏడుస్తుంటే నాయినమ్మకు అర్థమైంది. చెంబు పక్కకు పెట్టింది. నన్ను పట్టుకోలే, ఓదార్చలే. కొంగు సరిచేసుకొని, ఫోన్‌కు రెండు చేతులు జోడించింది. "సాహెబ్, చూక్ మాఝీ. పోరీచీ నాహీ" అన్నది. తప్పు నాది, పిల్లది కాదు అని. ఊర్ల ఎవ్వల ముందట తల వంచని మనిషి. ఆ నల్లటి ఫోన్ ముందట మళ్ల మళ్ల గదే మాట అనుకుంట కూసున్నది. బాపు గట్టు మీదికెల్లి ఉరికొచ్చి మంచె కింద నిలబడ్డడు.

ఎంతసేపైందో నాకు తెల్వదు. ఫోన్ల వెలుగొచ్చింది. నా పరీక్ష ఆగిన కాడనే తెరుచుకొని ఉన్నది, పోయిన టైం సుత మళ్ల కలిపి ఉన్నది. మూలకు చిన్న డబ్బాల మరాఠీల ఎవరో రాసిన్రు. "ఆజీలా సాంగ్, మీ జేవలే. ఆతా తూ లిహీ." అవ్వకు చెప్పు, నేను తిన్న, ఇగ నువ్వు రాయి అని. మరాఠీల మొగోడైతే 'జేవలో' అంటడు, 'జేవలే' అన్నదంటే ఆడమనిషి. ఇన్ని గంటలు మేం సారు సారు అని దండాలు పెట్టింది ఒక మేడంకు.

నోరు తెరువొద్దు గదా, నేను వేలితోటి ఆ అక్షరాలు చూపిచ్చిన. నాయినమ్మకు చదువు రాదు, నా మొఖం చూసి చదువుకున్నది. చెయ్యి నోటి కాడికి తెచ్చి, తిన్నదా అని సైగ చేసింది. తిన్నదని తల ఊపిన. ఆ తల ఊపుడుకు హెచ్చరిక రాలే. ముసల్ది నిమ్మలంగ నిచ్చెన దిగింది. నాలుగు మెట్లు దిగి మళ్ల ఎక్కి, నా చెవుల మెల్లగ అన్నది, "ఏం కూరనో అడుగు." నవ్వు బయటికి రాకుండ పెదవులు నెత్తురొచ్చేటట్టు కొరుక్కొని పరీక్ష పూర్తి చేసిన. ఆ గుసగుసకు సుత హెచ్చరిక రాలే. ఎవరో అక్కడ కూసొని కండ్లు మూసుకున్నరు నా కోసం.

పాసైన. చెల్లె సుత ఇప్పుడు డిగ్రీల ఉన్నది. ఆ మేడం ఎవరో, ఏ ఊరో, ఎట్లుంటదో నాకు తెల్వదు. నన్ను ఆమె గంటలు గంటలు చూసింది, నేను ఆమెను ఒక్కసారన్న చూడలే. మొక్కుదామంటే దిక్కు తెల్వదు. అయినా పొద్దుగాల లేచి మొక్కే దండాలల్ల ఒకటి ఆమెదే.

ఇప్పుడు నేను అహేరిల ఒక కాలేజీల పని చేస్తున్న. పిల్లలు ఇంటి నుంచి రాసే పరీక్షలు ఇంకా కొన్ని ఉన్నయి, వాటిని చూసే డ్యూటీ నాకే పడ్డది. స్క్రీన్ నిండ చిన్న చిన్న డబ్బాలల్ల మొఖాలు. ఎవ్వలన్న తల తిప్పితే హెచ్చరిక గుండీ నొక్కాలె. మొన్న ఒకనాడు కమలాపూర్ దిక్కు పిల్ల ఒకతి రాస్తున్నది. ఆమె పక్కకెల్లి మెల్లగ ఒక ముసలి మొఖం వచ్చింది. చేతిల ఆకు దొప్ప. కెమెరా దిక్కు దొప్ప చాపి గోండీల ఏదో అడిగింది. గోండీ నాకు అరకొరనే వస్తది గని, దొప్ప మాత్రం పూర్తిగ అర్థమైంది. ఆ పిల్ల భయంతోటి కొయ్యబారింది. నా వేలు గుండీ మీద ఉన్నది.

వేలు తీసి టైపు చేసిన. "ఆజీలా సాంగ్, మీ జేవలే."

ఆ పిల్ల మొఖం ఎట్ల విచ్చుకున్నదో చెప్పలేను. నాకు మాత్రం మంచె మీద కొంగు కొరుక్కుంట కూసున్న చిలుకల పోరి యాదికొచ్చి నవ్వొచ్చింది. పక్కకు చూస్తే నా టిఫిన్ డబ్బా పొద్దుగాల ఎట్ల కట్టిన్నో గట్లనే ఉన్నది. అంతమంది మొఖాల మీద కన్ను పెట్టి కూసుంటే మూత తీసే టైం యాడిది? గప్పుడు తట్టింది నాకు. ఆ నాడు ఆ మేడం సుత తిని ఉండదు.

డ్యూటీ అయినంక అక్కడ్నే కూసొని ఇంటికి ఫోన్ చేసిన. నాయినమ్మకు గిదంత చెప్పిన. "తినలేదానే పాపం," అన్నది. "కంకులు సుత సల్లగై పోయె." ఇగ నా మీద పడ్డది. "మరి నువ్వు తిన్నవా బిడ్డా?"

"తింటున్న నాయినమ్మా" అని డబ్బా మూత తీసిన.

"ఏం కూర?" అన్నది.