పులివెందుల దాకా పోయే నవల

బస్సు ప్రొద్దుటూరు దాటాక పక్కసీటు మనిషి పుస్తకంలోంచి తలెత్తకుండానే, "రవంత జరుగప్పా" అన్నాడు. చూస్తే ఈశ్వరయ్య. నా ప్రయాణం చెడింది.

ఈశ్వరయ్య కొత్త నవలను బస్సులోనే తూస్తాడు. చీరల అంగడి తమ్ముడికి ఒప్పజెప్పినప్పటి నుంచీ ఇదే పని. ప్రొద్దుటూరులో మొదటి పేజీ తెరుస్తాడు. జమ్మలమడుగు వచ్చేలోగా కథ తనను పట్టుకోకపోతే దిగి తిరుగు బస్సెక్కుతాడు. పట్టుకుంటే పులివెందుల దాకా టిక్కెట్టు పెంచుతాడు. అక్కడ ఆయనకు చుట్టమూ లేడు, పనీ లేదు. మొగుడు మధ్యాహ్నానికే ఇల్లు చేరితే శకుంతలమ్మ, "పాపం, ఎవురు రాసినారో" అంటూ ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోస్తుంది.

"అది జమ్మలమడుగు నవలంట" అనే మాట పుడితే చాలు, మా వైపు ఆ పుస్తకాన్ని ఎవరూ ముట్టరు. నేను దేశాలు తిరిగి నానా గడ్డీ చదివినవాణ్ణి. కొన్ని నవలలు మూడోసారికి గానీ లొంగవని చెప్పి చూశాను.

"నీకు పనిల్యాక మూడుసార్లు సదువుతావు. బస్సు ఒకసారే పోతాది కదప్పా."

నేను ప్రాణంగా దాచుకున్న నవల ఒకటి అరువిస్తే దాన్నీ అలాగే తూచాడు. "నా పుస్తకం ఏదప్పా?" అంటే, "సీట్లో పెట్టి దిగితి. కండక్టరుకన్నా నచ్చుతాదేమో" అన్నాడు. ఇలాంటివాడితో ఏం వాదిస్తాం.

ఈసారి చేతిలో ఉన్నది రూప తొలి నవల. జమ్మలమడుగు పిల్ల. ఉద్యోగం చేసుకుంటూ నాలుగేళ్లు కూర్చుని రాసింది. "ఈశ్వరయ్య మామ మా ఊర్లో దిగితే నేనింగ పెన్ను ముట్టను పెద్దాయనా" అని మొన్ననే నాతో అంది.

ముప్పై ఒకటో పేజీలో ఈశ్వరయ్య ఆవలించాడు.

"ఎట్లుంది?" అన్నాను భయంగా.

"అవ్వ సచ్చిపోయి ఇరవై పేజీలాయ. శవాన్ని ఇంగా ఎత్తల్యా."

"ముందు ముందు బాగుంటాదేమో."

"ముందు జమ్మలమడుగు ఉంది."

ఉండనే ఉంది. బస్టాండులో రూప వేరే బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది గానీ, కళ్లు మా బస్సు మెట్ల మీదే ఉన్నాయి. ఈశ్వరయ్య సంచీ తగిలించుకుని లేచాడు. నేను చొక్కా పట్టుకున్నాను. విదిలించుకోబోతూ కిటికీలోంచి ఆ పిల్లను చూశాడు. కూర్చున్నాడు. బస్టాండంతా వినబడేట్టు కండక్టరును కేకేశాడు.

"పులివెందుల దాకా ఒకటి కొట్టప్పా."

రూప చేతిలో గొడుగు జారి పడింది. ఆమె చూసుకోలేదు. బస్సు కదిలాక నాకు గుర్తొచ్చింది, జమ్మలమడుగులో దిగాల్సింది నేను.

ముద్దనూరు కూడా దాటింది. ఇంకా ముప్పై ఒకటో పేజీయే.

"పేజీ తిప్పవేందప్పా?"

"మోకాళ్లు నొస్తాండాయి. గమ్మునుండు."

"నవల అంత బాగలేకపోతే దిగకపోతివే?"

"రెండోది రాయనీ. దానికి దిగుతా."

పులివెందులలో ఆయన దిగి, ఎదురుగా కదలబోతున్న ప్రొద్దుటూరు బస్సు వైపు కుంటుకుంటూ పోయాడు. పుస్తకం చంకలో ఉంది, వేలు మాత్రం ముప్పై ఒకటో పేజీలోనే ఉంది.