టోరిబియో పతకం దరఖాస్తు

వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున పోరాడిన ఫెర్మిన్‌కూ టోరిబియోకూ దక్షిణ వియత్నాం ప్రభుత్వం శౌర్య పతకాలిచ్చింది. వాటిని అమెరికా సైన్యం సర్వీసు రికార్డులో చేర్చాలంటే ఇద్దరి పేర్లూ ఉన్న పాత ఉత్తర్వు కాగితం జతచేయాలి. వాళ్ళ ఊరు లారెస్‌లో అది టోరిబియో దగ్గర మాత్రమే ఉండేది. ఫెర్మిన్ అడిగి తీసుకెళ్ళి తన పతకం ఎక్కించుకున్నాడు. టోరిబియో తిరిగి అడిగితే, వెతక్కుండానే పోయిందన్నాడు. కాగితం లేదని టోరిబియో దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. నిరుడు ఆయన చనిపోయాడు.

ఈ వారం ఫెర్మిన్ తన పెట్టె సర్దుతుంటే కాగితం దొరికింది. టోరిబియో పేరు మీద కొత్త దరఖాస్తు నింపి, సంతకం కోసం ఆయన భార్య ప్రోవిడెన్సియా దగ్గరికి వెళ్ళాడు.

"వదినా, కాగితం నా పెట్టెలోనే ఉంది."

"ఆఫీసు వాళ్ళు దొంగలని ఆయనతో కలిసి తిట్టింది నువ్వే కదయ్యా! పైగా నాచేత కాఫీలు పెట్టించుకుని."

ఫెర్మిన్ దరఖాస్తు ఆమె ముందుకు జరిపాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని దరఖాస్తు చదివింది. ఆలస్యానికి కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"ఇదెందుకు వదిలేశావ్?"

"ఏం రాయాలో తెలీలేదు."

"తెలుసులే. శౌర్య పతకం ఉన్నోడివి, ఆ నాలుగు ముక్కలు రాయడానికి భయమా? రాయి. అప్పుడే సంతకం."

'కాగితం నా దగ్గరే ఉంది. నేను వెతకలేదు' అని రాసి, ఫెర్మిన్ కింద తన పూర్తి పేరు పెట్టాడు. ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది. కాఫీ తాగుతావా అని మాత్రం అడగలేదు.