ఓడినవాడికే మాల

మొన్న పొద్దున రైతుబజారుకని బయలుదేరినదాన్ని, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో మెట్రో స్తంభం పక్కన కట్టిన ఫ్లెక్సీ చూసి ఉన్నపళంగా కూలబడిపోయాను. మాటవరసకి అనడం లేదు, పక్కనే బత్తాయిరసం బండి అతని స్టూలు లేకపోతే రోడ్డు మీదే కూర్చునేదాన్ని. ఆ ఫ్లెక్సీ నిండా మా తమ్ముడే. మెడలో బంతిపూల మాల, కాస్త వంచిన తల, పెదవుల చివర ఉందో లేదో తెలియని నవ్వు. నా పక్క నుంచి పోతున్న ఒక ముసలావిడ సంచీ కింద పెట్టి, ఆ బొమ్మకి దండం పెట్టి, పాపం ఎవరి బిడ్డో అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. మన దగ్గర మాల వేసిన ఫొటోకి అర్థం ఒక్కటే కదా.

తమ్ముడంటే నా తోడబుట్టినవాడు కాదు. ఒకప్పుడు రాష్ట్రమంతా పేరు మోగిన బాక్సింగ్ ఛాంపియన్. మేం దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా కాపురం పెట్టినప్పుడు అదే ఇంట్లో వెనక వాటాలో కిరాయికి ఉండేవాడు. ఈమధ్యే స్నానాల గదిలో పడిపోయి, తలలో రక్తం గడ్డకట్టిందని ఎల్.బి. నగర్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ముందురోజు సాయంత్రం నేను వెళ్ళి అద్దంలోంచి చూసి వచ్చినదాన్నే. నిద్రలో ఉన్నవాడిలా ఉన్నాడు, ఊపిరి మాత్రం యంత్రం తీస్తోంది. రాత్రికి రాత్రి ఇంత జరిగితే నాకు ఒక్కరైనా చెప్పలేదా అనుకున్నాను. ఒంట్లోంచి చెమట ధారగా కారుతుంటే, ఆ బండి అతను జాలిపడి నాకు నీడ పడేలా తన గొడుగు ఇటు జరిపాడు. అప్పుడు కనిపించాయి ఆ గొడుగు చాటున ఉన్న అక్షరాలు. 'మా ఛాంపియన్ త్వరగా కోలుకోవాలని కోరుకుంటూ, మీ అభిమానులు.' దాని కింద వరసగా అభిమానుల గుండ్రటి బొమ్మలు, వాటిలో మూడోది, మనవరాలి బారసాలనాటి పట్టుచొక్కాలో చిరునవ్వులు చిందిస్తూ, మా వారు.

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ఇంటికి వెళ్ళాక ఈయన పని చెప్పాలన్నంత కోపమూ వచ్చింది.

మా ఈడువాళ్ళకి ఆ రోజుల దిల్‌సుఖ్‌నగర్ గుర్తుండే ఉంటుంది. మెట్రో లేదు, ఇన్ని మాల్స్ లేవు, సాయంత్రమైతే బస్టాండు ముందు మిర్చిబజ్జీల బండి దగ్గరే ఊరంతా కలిసేది. కృష్ణా జిల్లా నుంచి పెళ్ళై వచ్చిన నాకు ఇక్కడి మాట సగం అర్థమయ్యేది కాదు. మా వారు బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. వెనక వాటాలో నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఈ కుర్రాడు, పగలు టైర్ల షాపులో పని, తెల్లారకముందే పెరట్లో దూలానికి వేలాడదీసిన ఇసుక సంచీ మీద గుద్దులు. నా కాపురంలో మొదటి సంవత్సరమంతా నేను లేచింది కోడి కూతకీ కాదు, అలారానికీ కాదు, ఆ దబదబలకే. మొదట్లో చెడ్డ చిరాకుగా ఉండేది. కానీ నల్లా వచ్చే రోజున అతను అన్ని వాటాల డ్రమ్ములూ ఒక్కడే నింపేసి, ఇది కూడా కసరత్తే అక్కా అనేవాడు. నీళ్ళు మోసిపెట్టే మనిషి మీద హైదరాబాదులో ఎవరికైనా ఎంతకాలం కోపం ఉంటుంది చెప్పండి.

మొట్టమొదటిసారి సరూర్‌నగర్ మైదానంలో షామియానా వేసి పోటీలు పెడితే, మా వారు నన్ను బలవంతాన తీసుకెళ్ళారు. మనిషి మనిషిని కొట్టుకోవడం చూడ్డానికి టిక్కెట్టు కూడానా అని సణుక్కుంటూనే వెళ్ళాను. మొదటి రౌండంతా కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని కూర్చున్నానట. మూడో రౌండుకి కుర్చీ ఎక్కి నిలబడి, వాడి ఎడమ పక్క చూడు తమ్ముడూ అని అరుస్తున్నానట. నాకైతే గుర్తు లేదు, మా వారు మాత్రం ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటారు. ఆ రోజు నుంచే అతను నాకు తమ్ముడయ్యాడు.

ఆ రోజే అతని పద్ధతి కూడా మొదటిసారి చూశాను. గెలవగానే మా వాళ్ళంతా రింగులోకి ఎగబడి, తలా ఇంత వేసుకుని తెచ్చిన బంతిపూల మాల మెడలో వేశారు. తమ్ముడు అలా వేయించుకుని, ఇలా తీసేసి, మూల కూర్చుని తల దించుకున్న ఆ ఓడిపోయిన కుర్రాడి మెడలో వేశాడు. మా వాళ్ళ మొహాలు మాడిపోయాయి. ఏమిటయ్యా ఇది అని మా వారు అడిగితే, వాళ్ళమ్మ పెట్టిన షరతని చెప్పాడు. బాక్సింగ్‌కి పోతానంటే ఆవిడ, కొట్టినోడివి నువ్వే అయితే ఓదార్చాల్సింది కూడా నువ్వే, గట్లయితేనే పో అందట. అప్పటినుంచి ఏ ఊళ్ళో గెలిచినా అదే పద్ధతి. చివరికి మా వీధిలో అదొక ఆచారమైపోయింది. మా వీధి ఫొటో స్టూడియో ఆయనకి మాత్రం అదే పెద్ద బాధ. మాల పడీ పడకముందే తీసేసేవాడేమో, ఆయన ఫ్లాష్ వెలిగేసరికి తమ్ముడి మెడ ఖాళీగానే ఉండేది. అన్ని పోటీలు గెలిచినవాడికి మెడలో మాలతో ఫొటో ఒక్కటి లేకుండా పోయింది.

ఒక్కటి మాత్రం ఉంది. అది అతని ఆఖరి పోటీ నాటిది. వరంగల్ నుంచి వచ్చిన ఒకతను, తమ్ముడికన్నా వయసులో చిన్న, చేయి పొడుగు. ఆ రోజు మా తమ్ముడు ఓడిపోయాడు. షామియానాలో అంత జనం ఉండీ చీమ చిటుక్కుమన్నా వినిపించేట్టు ఉంది. అప్పుడా వరంగల్ అతను, అంతకుముందు తానూ ఒకసారి తమ్ముడి చేతిలో ఓడి మాల వేయించుకున్నవాడే, తన మెడలో పడ్డ మాల తీసి వచ్చి మావాడి మెడలో వేశాడు. తమ్ముడికి తీసి ఇవ్వడానికి ఇంక ఎవరున్నారు, ఓడింది తనే కదా, అలాగే తల వంచి నిలబడ్డాడు, కాస్త నవ్వాడు. స్టూడియో ఆయన ఆ క్షణాన్ని పట్టేశాడు. ఎన్నేళ్ళో ఆ బొమ్మ ఆయన షాపు అద్దాల్లో ఉండేది. తర్వాత్తర్వాత వచ్చిన అభిమానులు అది గెలిచిన రోజు ఫొటో అనుకునేవారు. మేమూ దిద్దలేదు.

ఇప్పుడర్థమై ఉంటుంది మీకు, ఫ్లెక్సీ మీదికి ఆ ఫొటోయే ఎలా ఎక్కిందో. ఫ్లెక్సీ వేయించింది మా వారే, ఆయన ఆల్బంలో స్పష్టంగా ఉన్నది అదొక్కటే. మాల ఉంటే నిండుగా ఉంటుందని కూడా అనుకున్నారట. మంచానపడ్డ మనిషికి మాల వేసిన బొమ్మ చౌరస్తాలో కడితే లోకం ఏమనుకుంటుందన్న ఆలోచన, లెక్కలు చెప్పి వేలమందిని బ్యాంకుల్లో కూర్చోబెట్టిన ఈ మహానుభావుడికి తట్టలేదు. అందులోనూ అభిమానుల బొమ్మలు పెద్దవై, త్వరగా కోలుకోవాలన్న మాట అడుక్కి పోయింది.

స్టూలు మీంచి లేచేలోపే నా ఫోను మొదలైంది. బడంగ్‌పేట్ నుంచి మా పాత ఇంటి ఓనరుగారి కోడలు ఏడుస్తోంది. తుర్కయంజాల్ నుంచి ఒకరు, ఎప్పుడు తీసుకెళ్తారని అడుగుతున్నారు. ఫ్లెక్సీని ఫోన్లో బొమ్మ తీసి ఎవరో గ్రూపులో పంపారు, దానికింద అందరూ చేతులు జోడించేశారు. ఖాళీ కూరల సంచీ అక్కడే బండి అతనికి అప్పజెప్పి మెట్రో ఎక్కాను. నా భయమంతా మా మరదలి గురించే, అంటే తమ్ముడి భార్య గురించి. డాక్టర్లు ఏమీ చెప్పలేమంటున్నా, ఆయన లేస్తాడన్న ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల ఆసుపత్రి వసారాలో నిలబడి ఉంది. ఏడ్చే చుట్టాలెవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ఈ బొమ్మ ఆమె కంటపడితే, ఆ మాట విరిగిపోతే, ఆమెని నిలబెట్టడం ఎవరి తరమూ కాదనుకున్నాను.

ఆసుపత్రిలో మా వారు గోడకి ఆనుకుని, పరీక్ష తప్పిన కుర్రాడి మొహంతో ఉన్నారు. నన్ను చూడగానే, విప్పించడానికి మనుషుల్ని పంపానే, నేనేం అనుకున్నాను, ఏమైంది అని మొదలుపెట్టారు. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోతేనే ఆయనకి ఎక్కువ తగులుతుందని నాకు తెలుసు. మరదలు బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. ఛార్జింగ్ పెడతానని చెప్పి ఆమె ఫోను తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆమె ఇచ్చేసింది, ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం కాబోతుండగా, జుట్టంతా తెల్లబడ్డ ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ పొడుగు చేతుల్ని బట్టి ముందు గుర్తుపట్టింది నేనే. వరంగల్ ఆయన. ఫోన్లో ఆ బొమ్మ చూసి, దొరికిన బస్సు ఎక్కి వచ్చాడట. ఆయన మా మొహాలు చూశాడు, ఎవరూ ఏడవడం లేదు, ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నేను ఎదురెళ్ళి, ఉన్నాడండీ, లోపల ఉన్నాడు, మా వాళ్ళ పొరపాటు అని చెప్పాను. ఆ మనిషి మొహంలో సంతోషం, దాని వెనకే సిగ్గు, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చేతిలోని కవరుని వెనక్కి దాచుకున్నాడు. బంతిపూల వాసన దాగుతుందా.

"ఏముందన్నా గా కవర్ల?" అని అడిగింది మరదలు.

మా వారు కళ్ళు మూసుకున్నారు. ఆమె లేచి వచ్చి ఆయన చేతిలోంచి కవరు తీసుకుంది. లోపల మాల. శవం మీద వేద్దామని తెచ్చిన మాల. నేను ఆమెని పట్టుకోవడానికి ఒక అడుగు ముందుకు వేశాను, నిజం చెప్తున్నాను, పడిపోతుందనే అనుకున్నాను.

"తెల్వక తెచ్చిన చెల్లె, మాఫ్ చెయ్యి" అన్నాడాయన.

ఆమె ఏడవలేదు. మాల చేత్తో పట్టుకుని, అద్దం తలుపు వైపు ఒకసారి చూసి, "నాకు పొద్దుగాల్నే ఒచ్చింది వదినె గా ఫొటో" అంది నాతో. "అందరు మాల జూసి పరేషానయిన్రు. నాకు గది గాదు బాధ. గది ఆయన ఓడిన నాటి ఫొటో. గదే దొరికిందా మీకు?"

మా వారు తల దించుకున్నారు.

ఆమె వరంగల్ ఆయన వైపు తిరిగింది. "మీ ఇద్దరి నడుమ మాల ఎవరేస్తరన్నా? గెలిచినోడే గద. ఓడినోడికే గద." అని, ఆ పొడుగు మనిషి అందడానికి మునివేళ్ళ మీద లేచి, ఆయన మెడలో వేసింది. "మా ఆయన లోపట్నుంచి పంపిండనుకో. ఈసారి ఆయనే గెలుస్తడు."

ఆ మనిషి రెండు చేతులతో మాల పట్టుకుని, ముసలివాళ్ళు ఏడ్చినట్టు, చప్పుడు లేకుండా ఏడ్చాడు. ఓడిపోయినందుకు అంత సంతోషంగా ఏడ్చిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. నర్సు వచ్చి, ఇక్కడ పూలు తేకూడదని చెప్పబోయి, ఏమనిపించిందో, వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక చాలాసేపు నాకు ఏ పనీ తోచలేదు. ఆ ఇసుక సంచీ దబదబల తర్వాత ఇంత నిశ్శబ్దం ఉంటుందని, అంత బలం ఉన్న మనిషి కాలు జారి పడతాడని, ఇప్పటికీ నా మనసు ఒప్పుకోవడం లేదు. మేం కిరాయికున్న ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ నాలుగంతస్తుల హాస్టలు లేచింది. స్టూడియో ఉన్నచోట ఫోన్లు బాగుచేసే షాపు. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉంది, ప్రతి చౌరస్తాలోనూ ప్రతివాడికీ ఫ్లెక్సీ ఉంది. అయినా ఆ మధ్యాహ్నం ఆ వసారాలో అంతమంది ఉండి, ఒక్కరు కూడా ఫోను బయటికి తియ్యలేదు. ఆ రోజుల నాటి స్టూడియో ఆయన ఉంటే తప్పక తీసి ఉండేవాడు.

ఇది రాస్తున్న ఇవాళ్టికి తమ్ముడు కళ్ళు తెరవలేదు. విప్పి తెచ్చిన ఫ్లెక్సీ చుట్టగా చుట్టి మా బాల్కనీలో ఉంది. పారేస్తానని మా వారు రోజూ అంటున్నారు, నేను పారేయనివ్వడం లేదు. తమ్ముడు లేచి వచ్చాక అతని ముందు పరిచి, మీ బావగారు చేసిన ఘనకార్యం చూడమని చెప్పాలి. ఈయనని తిట్టించడానికైనా అతను లేవాలి.