టోపీ తీయని ఒక్కసారి

మా కాన్పుల వార్డులో ఆయమ్మకి పసిపిల్లల టోపీలంటే ఏదో పగ. బిడ్డ చేతికి రావడం ఆలస్యం, టోపీ లాగేసేది. "చలి పట్టదటే! మీ ఆయన బట్టతల గుర్తొచ్చిందా?" అని బాలింతల తల్లులు విసుక్కునేవారు. ఆవిడకి 'టోపీల దొంగ' అని పేరు పెట్టింది నేనే. కొత్తగా చేరిన నర్సుని, నోటికి తాళం ఉండేది కాదు.

ఒక ఆదివారం ఆయమ్మ నా దగ్గరికొచ్చి, "నువ్వు చర్చికెళతావుగా, నన్నూ ఫాదర్ దగ్గరికి తీసుకుపోవే," అంది. దారిలో సంగతంతా చెప్పింది. వింటూ నాలుక కొరుక్కున్నాను.

ఆయమ్మ క్రైస్తవురాలు కాదు. అయినా ఆవిడ చేతుల మీదుగా జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, పొందిన పసికందులు పదిమంది దాకా ఉన్నారు. బిడ్డ దక్కేలా లేనప్పుడు, ఫాదర్ వచ్చేదాకా ఆగలేనప్పుడు, ఏ మతంవాళ్ళయినా ఇవ్వచ్చని ఇదివరకు వార్డు చూసుకున్న మఠం సిస్టర్ నేర్పిందట. శ్రీసభ, అంటే క్యాథలిక్ సంఘం, చేసేదే నేనూ చేస్తున్నానన్న మనసుండాలి. నీళ్ళు తల చర్మానికి తగిలి పారుతుండగా జ్ఞానస్నానపు మాటలు పలకాలి. అంతే.

నేను చేరడానికి ఏడాది ముందు, బట్టలు కుట్టే ఒక క్రైస్తవురాలికి నెలలు నిండకుండా మగబిడ్డ పుట్టాడు. తనే అల్లిన మందపాటి ఉన్ని టోపీ వాడికి పెట్టించింది. సాయంత్రానికి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆయమ్మా, నీళ్ళు పొయ్యి!" అని తల్లి అరిచింది. ఆయమ్మ గ్లాసుతో పరుగెత్తుకొచ్చి, ఒక్క మాట పొల్లు పోకుండా పలుకుతూ మూడుసార్లు పోసింది. బిడ్డని తల్లి పక్కలో పెట్టి వచ్చి, గ్లాసు కడుగుతుంటే గుర్తొచ్చింది. టోపీ తీయలేదు! తిరిగి వెళ్ళేసరికి ఊపిరి పోయింది. పోయినవాళ్ళకి జ్ఞానస్నానం ఉండదు.

"బాగా పోశావు కదా ఆయమ్మా?" అని ఆ తల్లి అడిగింది.

"పోశాను తల్లీ."

చర్చిలో, ఫాదర్‌కి చాటుగా పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వరస చివర నిలబడ్డాం. తన వంతు రాగానే ఆయమ్మ ఆ చెక్కగదికి పక్కనున్న తలుపు వదిలేసి, ఫాదర్ కూర్చునే నడిమి తలుపు తీసి, చీకట్లో తడుముకుంటూ ఫాదర్ ఒళ్ళో కూర్చోబోయింది. వరసంతా కిసుక్కుమంది. నేను స్తంభం చాటుకి పోయాను.

ఫాదర్ మాత్రం నవ్వలేదు. బయటికొచ్చి బల్లమీద కూర్చుని మొత్తం విన్నాడు. "రక్షణని దేవుడు జ్ఞానస్నానానికి ముడివేశాడమ్మా. కానీ తన చేతులు తానే కట్టేసుకోలేదు. అలాంటి బిడ్డల్ని శ్రీసభ ఆయన దయకే అప్పజెబుతుంది."

"అంటే బిడ్డ దేవుణ్ణి చేరినట్టేనా సామీ?"

"శ్రీసభ ఆశ పెట్టుకోమంది. ఖాయమని చెప్పే అధికారం నాకు లేదు."

"మరి నేను ఆమెకి చెప్పిన అబద్ధం?"

"అది నువ్వే దిద్దుకోవాలి."

తిన్నగా ఆ బట్టలు కుట్టే ఆమె ఇంటికే వెళ్ళాం. మెడలో టేపు, ముందు మిషను. ఆయమ్మ నిలబడే చెప్పేసింది. ఆమె తలెత్తలేదు.

"తెలుసు ఆయమ్మా. నువ్వటు వెళ్ళగానే తడి టోపీ తీశాను. జుట్టు పొడిగా ఉంది."

"అప్పటికి బిడ్డ..."

"ఊపిరి ఉంది. మంచం పక్కన చెంబులో నీళ్ళున్నాయి. మాటలు నాకూ వచ్చు." బట్ట సూది కిందికి జరిపింది. "నేను పోస్తే వాడు పోతున్నాడని నేనే ఒప్పుకున్నట్టు. చెంబు వంక చూస్తూ కూర్చున్నాను. నువ్వొచ్చేసరికి మళ్ళీ టోపీ పెట్టేశాను."

ఆయమ్మ వెళ్ళి మిషను పక్కన నేలమీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ బరువు ఒక్కదాన్నే మోస్తున్నాననుకుంది పాపం.

"ఫాదర్ ఆశ పెట్టుకోమన్నాడమ్మా," అంది చివరికి.

"ఎంత?"

ఆయమ్మ నా వంక చూసింది.

ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది. సూదిలో దారం లేదు. బట్ట పొడవునా ఉత్త చిల్లులు పడుతూ పోతున్నాయి. నోటికి తాళం లేని నేను కూడా దారం లేదని చెప్పలేకపోయాను.